పికోగ్రాముల తూనిక

1920ల చివర్లో, బెర్లిన్‌లో ఒక స్త్రీ గర్భవతి అవునో కాదో తేల్చాలంటే ఆమె మూత్రాన్ని ఇంకా ఎదగని ఆడ చిట్టెలుకలకు ఎక్కించేవారు. నాలుగైదు రోజులాగి, వాటిని కోసి, అండాశయాల్లో మార్పు వచ్చిందేమో చూసేవారు. సెల్మార్ ఆష్‌హైమ్, బెర్న్‌హార్డ్ జొండెక్ రూపొందించిన ఈ పరీక్ష బాగానే పనిచేసింది. అయితే అది చెప్పగలిగింది అవును, కాదు అన్న రెండు మాటలే. నెలసరి ఎందుకు తప్పుతోంది, గర్భం ఎందుకు నిలవడం లేదు, ఈ నీరసం థైరాయిడ్ వల్లేనా? ఇవి తేలాలంటే రక్తంలో హార్మోన్ ఎంతుందో కొలవాలి. ఈస్ట్రడయాల్ లాంటివి మిల్లీలీటరు రక్తంలో పికోగ్రాముల్లోనే ఉంటాయి. గ్రాములో లక్ష కోట్లో వంతు పికోగ్రాము!

అంత సూక్ష్మమైన తూనిక న్యూయార్క్‌లో, బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పుట్టింది. దాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు రోజలిన్ యాలో. 1941లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు, అక్కడి ఇంజనీరింగ్ కళాశాల బోధకులు నాలుగు వందల మందిలో ఆమె ఒక్కతే స్త్రీ. భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్న ఆమె, ఆ ఆసుపత్రిలో చీపుర్లు, బకెట్లు పెట్టుకునే గదిని ల్యాబ్‌గా మార్చుకుంది. 1950లో డాక్టర్ సోలమన్ బెర్సన్ ఆమెకు తోడయ్యాడు.

వాళ్లు రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ఇన్సులిన్‌ను రోగులకు ఇచ్చి చూశారు. అంతకుముందు ఇన్సులిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ల రక్తంలో అది ఎక్కువసేపు నిలిచింది. శరీరం దానిపై యాంటీబాడీలు తయారుచేసి పట్టి ఉంచుతోందని యాలో, బెర్సన్ తేల్చారు. అంత చిన్న ప్రోటీన్‌కు యాంటీబాడీలా అని 1955లో ఓ పత్రిక వాళ్ల వ్యాసాన్ని తిప్పికొట్టింది. ఆ ఉత్తరాన్ని యాలో దాచి ఉంచి, తర్వాత నోబెల్ ప్రసంగంలో చూపించింది.

అసలు మలుపు ఆ తర్వాతిది. యాంటీబాడీలు బస్సులో సీట్లలాంటివి, పరిమితం. రేడియోధార్మిక హార్మోన్‌తో వాటిని నింపి, రోగి రక్తం కలిపితే, అందులోని మామూలు హార్మోన్ కూడా సీట్ల కోసం పోటీపడుతుంది. సీటు దక్కని రేడియోధార్మిక హార్మోన్ ఎంతో లెక్కిస్తే రక్తంలో హార్మోన్ ఎంతుందో తెలిసిపోతుంది. రేడియో ఇమ్యునో అస్సే అనే ఈ పద్ధతికి వాళ్లు పేటెంట్ తీసుకోలేదు. కోట్లు తెచ్చిపెట్టగల దాన్ని అలా వదిలేయడం కూడా అది త్వరగా లోకమంతా పాకడానికి తోడ్పడింది. 1972లో బెర్సన్ గుండెపోటుతో మరణించాడు. ఇకపై తాను రాసే ప్రతి పరిశోధన వ్యాసంలోనూ అతని పేరు ఉండాలని యాలో ల్యాబ్‌కే ఆ పేరు పెట్టింది. నోబెల్ ఆమెకు 1977లో వచ్చింది.

గర్భ హార్మోన్ హెచ్‌సీజీ, అండం విడుదలకు కారణమయ్యే ఎల్‌హెచ్ చాలావరకు ఒకేలా ఉంటాయి. పరీక్షలు ఒకదాన్ని మరొకటిగా పొరబడేవి. 1972లో అమెరికాలో జుడిత్ వైటుకైటిస్ బృందం హెచ్‌సీజీలోని బీటా భాగాన్ని మాత్రమే పట్టే యాంటీబాడీతో ఆ చిక్కు విప్పింది. ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ పరీక్షలకు దారి పడింది అక్కడే.

1971లో స్వీడన్, నెదర్లాండ్స్ పరిశోధకులు విడివిడిగా రేడియోధార్మికత బదులు ఎంజైమ్ వాడారు. నేటి ల్యాబ్ యంత్రాల్లో చాలావాటిలో వెలుగును లెక్కిస్తారు. సూత్రం మాత్రం యాంటీబాడీదే.

యంత్రం అంకె చెబుతుంది, దాని అర్థం చెప్పదు. అండాలను ఎదిగించే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్‌ను సాధారణంగా నెలసరి రెండో లేదా మూడో రోజున చూస్తారు. మధ్యలో తీసిన అంకెతో పోల్చితే తప్పుదారి పడతాం. పాల హార్మోన్ ప్రొలాక్టిన్ కంగారుకే పెరగగలదు. జుట్టు కోసం చాలామంది వేసుకునే బయోటిన్ మాత్రల సంగతి మరీ ముఖ్యం. కొన్ని యంత్రాలు బయోటిన్ బంధాన్నే వాడతాయి కాబట్టి, ఎక్కువ మోతాదు ఉంటే థైరాయిడ్‌ను నడిపించే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా కనిపించి, లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరిక జారీచేసింది. రక్తం ఇచ్చే ముందే ఆ మాత్రల సంగతి డాక్టర్‌కు చెప్పి, ఎప్పటినుంచి ఆపాలో అడగాలి.