వీధి చెప్పిన చరిత్ర

ఇంగ్లండు దక్షిణ తీరాన హాంప్‌షైర్ ప్రాంతంలో, బ్యూలీ నది ఒడ్డున బక్లర్స్ హార్డ్ అనే చిన్న పల్లె ఉంది. ఎదురెదురుగా రెండు వరుసల ఇటుక ఇళ్ళు, వాటి నడుమ నది దాకా పల్లంగా సాగే పచ్చిక వీధి - ఊరంతా ఇంతే. అయితే ఆ వీధి మాత్రం ఒక మహానగరానికి తగినంత విశాలమైనది. ఇంత చిన్న పల్లెకు అంత వీధి ఎందుకు? ఆ ప్రశ్నకు సమాధానమే ఈ గ్రామ చరిత్ర.

18వ శతాబ్ది తొలినాళ్ళలో ఈ ప్రాంతానికి భూస్వామి మాంటగు వంశపు రెండవ డ్యూక్ అయిన జాన్. కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్ ద్వీపాలను 1722లో రాజు మొదటి జార్జి ఆయనకు ప్రసాదించాడు. అక్కడి చక్కెరను ఓడలలో తెచ్చి దింపుకోవడానికి డ్యూక్ ఇక్కడ ఒక రేవు పట్టణాన్ని తలపెట్టి, మాంటగు టౌన్ అని పేరు పెట్టాడు. ఆనాటి కరీబియన్ చక్కెర తోటలు ఆఫ్రికా నుండి బలవంతంగా తెచ్చిన బానిసల చెమటతో సాగేవి. అయితే డ్యూక్ పంపిన బృందాన్ని ఫ్రెంచివారు సెయింట్ లూసియా నుండి వెళ్ళగొట్టారు. చక్కెర రాలేదు, పట్టణమూ పూర్తికాలేదు. విశాలమైన వీధి మాత్రం మిగిలింది.

ఆ వీధికి మరొక ప్రయోజనం సిద్ధించింది. సమీపంలోని న్యూ ఫారెస్ట్ అడవిలో దృఢమైన ఓక్ కలప ఉంది. అలల తాకిడి లేని నది ఉంది. పోర్ట్స్‌మత్ నౌకా స్థావరం దగ్గరలోనే ఉంది. ఇన్ని వసతులు కూడిన ఆ తీరం 1740ల నుండి యుద్ధనౌకల నిర్మాణ కేంద్రమైంది. హెన్రీ ఆడమ్స్ అనే నిపుణుడు దానికి సారథ్యం వహించాడు. దుంగలను పేర్చడానికి, నది వైపు దొర్లించడానికి ఆ వీధి ఎంతో అనువుగా ఉండేది. 1781లో ఇక్కడ జలప్రవేశం చేసిన 64 ఫిరంగుల అగమెమ్నాన్ నౌకకు దాదాపు 2,000 ఓక్ చెట్లు బలి అయ్యాయి. ఒక్కొక్క చెట్టు పక్వానికి రావడానికి సుమారు నూరేళ్ళు పడుతుంది. ఒక్క ఓడ వెనుక ఒక అడవి ఉందన్నమాట! 1793 నుండి మూడేళ్ళు నెల్సన్ ఆ ఓడకు కెప్టెన్‌గా ఉన్నాడు. 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధంలో అగమెమ్నాన్‌తో పాటు ఇక్కడే తయారైన యూరియాలస్, స్విఫ్ట్‌షుర్ నౌకలు కూడా పోరాడాయి.

19వ శతాబ్దిలో యుద్ధాలు ముగిశాయి, కొయ్య ఓడల స్థానంలో ఇనుప ఓడలు వచ్చాయి. సుత్తుల చప్పుడు ఆగిపోయి, పల్లె మళ్ళీ నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దమే దాని రూపాన్ని చెదరకుండా కాపాడింది. 1963లో ఇక్కడ నౌకా ప్రదర్శనశాల వెలసింది. ఆనాటి కూలివాని ఇల్లు, ఓడ వడ్రంగి ఇల్లు ఎలా ఉండేవో అక్కడ చూడవచ్చు.

ట్రఫాల్గర్ విజేత నెల్సన్ పేరు లోకమంతటికీ తెలుసు. ఆయనకు ఓడను చెక్కి ఇచ్చిన చేతుల పేర్లు ఎందరికి తెలుసు? ఆ చేతుల శ్రమకు బక్లర్స్ హార్డ్ వీధి నేటికీ సాక్షిగా నిలిచి ఉంది.