ఆదిమానవుని బల్లెము

రాతి పనిముట్లు లక్షల యేండ్లు నిలుచును. కొయ్య త్వరలో కుళ్ళిపోవును. అందుచేత ఆదిమానవుడు పెద్ద జంతువులను స్వయముగా వేటాడెనా, లేక చచ్చినవానిని మాత్రమే తినెనా అను సంశయము చాలకాలము తీరలేదు.

జర్మనీలో షోనింగెన్ వద్ద లిగ్నైటు గనిలో 1990-2000 దశకమున హార్ట్‌ముట్ థీమె జరిపిన త్రవ్వకములలో గుర్రముల యెముకల నడుమ కొయ్య బల్లెములు బయటపడినవి. వాని వయస్సు 2 లక్షల నుండి 3 లక్షల యేండ్ల వరకు ఉండునని అంచనా. నీరూరిన మట్టిలోనికి ప్రాణవాయువు చొరనందున అవి కుళ్ళలేదు.

ఇవి వట్టి కర్రలు కావు. చాలవరకు స్ప్రూస్ చెట్టువి. పొడవు ఇంచుమించు 2 మీటర్లు. కాండము మొదటిభాగము గట్టిది గనుక మొనను అటువైపే చెక్కిరి. నడిమి బెండు మెత్తనిది గనుక మొనకొసను దాని ప్రక్కకు తప్పించిరి.

మొన సన్నముగా నుండనేల? బలము ఒకటే అయినను, అది పడు వైశాల్యము తగ్గినకొలది పీడనము హెచ్చును. మొద్దుకర్ర తోలును కమిలించును. మొన తోలును చీల్చుకొని లోనికి దిగును.

అయినను బల్లెము బాణమువలె దూరము పోదు. వేటగాడు జంతువును సమీపింపవలెను. గుర్రము తన్నిన ప్రాణమే పోవచ్చును. ఇట్టి వేట ఒంటరివానికి కష్టసాధ్యము. కావున ఈ కొయ్యలు చేతిపనిని మాత్రమే గాక, ముందుచూపును, కలసి పనిచేయు నేర్పును కూడ తెలుపుచున్నవి.