వర్ణన ఒకటి, వాహనము వేరొకటి

ఇంటర్నెట్‌లో ప్రకటన చూచి, గ్రామస్థుడొకడు 1960 నాటి అంబాసిడర్ కారును సొంత వాడుకకు కొన్నాడనుకొందము. ‘అసలు ఇంజను’ అని వ్రాసినచోట వేరొక ఇంజను కనిపించినచో అతడేమి చేయవలెను?

వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవలెనని 1930 నాటి వస్తు విక్రయ చట్టము చెప్పుచున్నది. కావున బండిని వాడక, సొమ్ము వాపసు కోరుచు వెంటనే వ్రాతమూలముగా నోటీసు ఇయ్యవలెను. రసీదును, మెకానిక్ వ్రాసియిచ్చిన కాగితమును భద్రపరుపవలెను.

అమ్మినవాడు వ్యాపారియైనచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తన జిల్లా కమిషనులోనే 2 సంవత్సరములలోపు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వ్యాపారి కానిచో సివిలు కోర్టుకు పోవలెను. సలహాకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము నంబరు 1915 కలదు.

అన్నిటికిని మూలాధారము ప్రకటనయే. అది తొలగింపబడకముందే ప్రతి తీసి ఉంచుకొనుమని పంచాయతీ సభ్యులు గ్రామస్థులకు తెలుపవలెను.