మీకు తెలుసా? అమెరికా హక్కుల పత్రం మొదట్లో రాష్ట్రాలకు వర్తించలేదు!

అమెరికా రాజ్యాంగంలో 1791లో చేరిన తొలి పది సవరణలు, అంటే హక్కుల పత్రం, వాక్ స్వేచ్ఛ, మత స్వేచ్ఛ వంటి హక్కులకు హామీ ఇచ్చాయి. అయితే ఒక హక్కు కాగితం మీద ఉండటం కన్నా, అది ఎవరి చేతులు కడుతుందన్నదే ముఖ్యం. ఈ సవరణలు కట్టడి చేసింది కేంద్ర ప్రభుత్వాన్నే. అందుకే మసాచుసెట్స్‌లో 1833 దాకా మత బోధకుల పోషణకు పన్ను వసూలు సాగింది. అదే ఏడు బాల్టిమోర్ రేవు యజమాని బారన్ కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. నగరం చేపట్టిన పనుల వల్ల ఇసుక మేటలు వేసి తన రేవు పనికిరాకుండా పోయిందని ఆయన పరిహారం కోరారు. పరిహారం ఇవ్వకుండా ఆస్తిని తీసుకోరాదనే అయిదో సవరణ రాష్ట్రాలకు వర్తించదని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తేల్చేశారు.

రాష్ట్రాల సొంత రాజ్యాంగాల్లోనూ హక్కులున్నాయి కదా అనవచ్చు. నిజమే. కానీ బానిసత్వాన్ని వ్యతిరేకించే రాతలను దక్షిణాది రాష్ట్రాలు నేరంగా మార్చినప్పుడు అవి అక్కరకు రాలేదు. చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా ఏ రాష్ట్రమూ ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ హరించరాదని 1868 నాటి పద్నాలుగో సవరణ చెప్పింది. దాని ఆధారంగా కోర్టు ఒక్కో హక్కునూ రాష్ట్రాలకు వర్తింపజేసింది: 1925లో వాక్ స్వేచ్ఛ, 1963లో తీవ్ర నేరాల కేసుల్లో పేద ముద్దాయికి ఉచితంగా న్యాయవాది, 2019లో మితిమీరిన జరిమానాల నుంచి రక్షణ. ఇది రాష్ట్రాల అధికారాల్లో జోక్యమనే వాదన ఉంది. కానీ ఇంతకన్నా ఎక్కువ హక్కులిచ్చే వీలు రాష్ట్రాలకు ఉంది. తగ్గించే వీలే లేదు. అన్ని హక్కులూ ఇంకా చేరలేదు కూడా: తీవ్ర నేరాలకు గ్రాండ్ జ్యూరీ (విచారణకు తగిన ఆధారాలున్నాయో లేదో తేల్చే పౌరుల బృందం) అభియోగం తప్పనిసరి అన్న నియమం నేటికీ రాష్ట్రాలకు వర్తించదు.