నక్షత్రాల పుట్టుకకు కళ్లెం వేసిన చీకటి

1918లో కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలకు చెందిన హీబర్ కర్టిస్ తాను ఫొటోలు తీసిన నెబ్యులాల వివరాలను ప్రకటించాడు. వాటిలో కన్యారాశిలోని ఎం-87 ఒకటి. ఆ గుండ్రని మసక వెలుగు నడుమనుంచి, బద్ద పెట్టి గీచినట్లు, సన్నని కాంతిరేఖ ఒకటి బయటికి సాగి కనిపించింది. ఆయన చూచినది చూచినట్లు రాసి ఊరుకున్నాడు.

ఆ రేఖ పొడవు సుమారు 5 వేల కాంతి సంవత్సరాలు. దానిని చిమ్ముతున్నది, మనకు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గెలాక్సీ కేంద్రంలో దాగిన కృష్ణబిలం. కాంతిని సైతం వెలికి పోనివ్వని వస్తువది. 1978లో వాలెస్ సార్జెంట్, పీటర్ యంగ్ ప్రభృతులు నక్షత్రాల వేగాన్ని బట్టి అక్కడ 500 కోట్ల సూర్యుల బరువు పోగై ఉన్నదని లెక్కగట్టారు. దానిమీద చాలాకాలం వాదోపవాదాలు సాగాయి. చివరకు 2019 ఏప్రిల్ 10న, భూగోళం మీద పలుచోట్ల ఉన్న ఎనిమిది రేడియో దూరదర్శినులు ఏకమై పట్టిన చిత్రం వెలువడింది. చుట్టూ మండే వలయం, మధ్య నల్లని నీడ. బరువు 650 కోట్ల సూర్యులని తేలింది.

ఆ బిలం వెడల్పంత దూరాన్ని కాంతి ఒకటిన్నర రోజులో దాటుతుంది. గెలాక్సీని దాటడానికి లక్ష సంవత్సరాలు చాలవు. ఏనుగు తొండంలో దూరిన చీమ అన్నా అతిశయోక్తే. అయినా ఏనుగును ఆడిస్తున్నది ఈ చీమే!

ఎలాగంటే, ఎం-87ను కోటి డిగ్రీలకు పైబడిన వేడిగల పలుచని వాయువు ఆవరించి ఉన్నది. అది చల్లారి, కేంద్రానికి దిగి, కొత్త నక్షత్రాలుగా రూపొందాలి. కాని ఎం-87 ముసలి నక్షత్రాల ఊరు. కొత్త పురుళ్లు అక్కడ అరుదు. 1999లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరుతో అంతరిక్షానికి వెళ్లిన చంద్ర ఎక్స్‌రే దూరదర్శిని ఇందుకు కారణం చూపింది. బిలంవైపు జారే వాయువంతా అందులో పడదు. సుడి తిరుగుతూ కాగి, కొంత భాగం అయస్కాంత బలంవల్ల మహావేగంతో వెనక్కు చిమ్మబడుతుంది. ఆ చిమ్ముడు చుట్టూ ఉన్న వాయువులో బుడగలు లేపి, ఎసరులాగ కాస్తూ, చల్లారనివ్వదు. వాయువు ఎక్కువగా జారితే మంట పెరుగుతుంది. మంట పెరిగితే జారడం తగ్గుతుంది.

మన పాలపుంత కేంద్రంలోని బిలం ఇంత ఘనమైనది కాదు. దాని బరువు 40 లక్షల సూర్యులు మాత్రమే. దానిని 16 సంవత్సరాలకొకసారి చుట్టివచ్చే నక్షత్రాన్ని ఓపికగా వెంటాడిన రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ 2020 నోబెల్ బహుమతిలో భాగస్వాములైనారు. ఆహారం కరవై అది ఇప్పుడు మగతగా ఉన్నది. ఇక్కడ నక్షత్రాలు పుడుతూనే ఉన్నవి.

ఇక చెట్టు ముందా, విత్తు ముందా అన్న చిక్కు మిగిలింది. సమీప గెలాక్సీలలో బిలం బరువు సాధారణంగా నడిమి నక్షత్రాల బరువులో వెయ్యోవంతుకు అటూయిటూ ఉంటుంది. 2023లో జేమ్స్ వెబ్, చంద్ర దూరదర్శినులు, విశ్వం పుట్టిన 47 కోట్ల సంవత్సరాల నాటి యుహెచ్‌జెడ్-1 అనే గెలాక్సీని పరిశీలించాయి. అక్కడ బిలం బరువు నక్షత్రాలన్నిటి బరువుతో ఇంచుమించు సమానమని అంచనా. అలాంటివి కనిపించవచ్చునని కోయంబత్తూరులో జన్మించిన ప్రియంవద నటరాజన్ తన సహచరులతో కలిసి అంతకు కొన్నేళ్ల ముందే సూచించి ఉన్నారు. నక్షత్రాలింకా గుంపు కట్టకమునుపే మహా వాయుమేఘమొకటి తనలో తాను కుప్పకూలి నేరుగా బిలమై ఉండాలని వారి వాదం.