ఇంజను మార్పు - ఇంధనపు లెక్క

మోటారుసైకిలునకు పెద్ద పిస్టను వేయించెదనని కుమారుడు సొమ్మడిగినచో, తల్లిదండ్రులు ముందుగా పెట్రోలు లెక్క అడుగవలెను. తూకమున 1 పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఈ పాళ్లను పూర్వము కార్బురేటరు జెట్టు నిర్ణయించెడిది, నేడు ఇ.సి.యు. అను చిన్న పెట్టె, ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకండ్లు తెరచియుండవలెనో తనలోని పట్టికనుబట్టి నిర్ణయించును. ఆ పట్టిక పాత ఇంజనుకై వ్రాసినది! పిస్టను పెద్దదైనచో గాలి హెచ్చును; పెట్రోలు హెచ్చనిచో మిశ్రమము పలుచనై, వేడి పెరిగి, తుదకు పిస్టను తలయే కరగవచ్చును. ఆక్సిజన్ సెన్సారు సవరించునందురేమో. సాధారణ సెన్సారు మాట నిదానపు పరుగుననే చెల్లును, యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పినపుడు కాదు. వైడ్‌బ్యాండ్ సెన్సారుతో కొలిచి, డైనమోమీటరుపై పట్టికను దిద్దించుటయే సరియైన పద్ధతి. పిస్టను ఖరీదుకంటె ఇదియే అధిక వ్యయము కావచ్చును. పైగా రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగ బండిని మార్చుటను మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను నిషేధించుచున్నది. ఇంజను ఘనపరిమాణము ఆ వివరములలోనిదే.