ప్రాసెసర్ మద్దతు: లినక్స్ కెర్నల్ నిర్వహణలో రెండు తొలగింపులు

ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నల్‌లో చాలా భాగం అన్ని ప్రాసెసర్లకూ ఉమ్మడిగా ఉంటుంది. మెమరీ పేజీల పట్టికలు, ఇంటరప్ట్‌లు, ప్రాసెస్‌ల మార్పిడి వంటి పనులకు మాత్రం ప్రతి ఆర్కిటెక్చర్‌కూ ప్రత్యేక కోడ్ అవసరం. ఉమ్మడి భాగం మారినప్పుడల్లా ఈ కోడ్‌ను సరిచూసి, సంబంధిత యంత్రంపై పరీక్షించాలి.

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ఇంటెల్ 386 ప్రాసెసర్‌పైనే రూపొందించారు. అయితే మెమరీలోని విలువను పోల్చి, మార్చే పనిని ఒకేసారి పూర్తిచేసే ఆదేశం 486తోనే వచ్చింది. ఆ లోటును పూరించే కోడ్, బహుళ ప్రాసెసర్ల సమన్వయంలో మార్పు చేసిన ప్రతిసారీ అదనపు శ్రమ కలిగించింది. అందువల్ల 2012 డిసెంబరులో 386 మద్దతును తొలగించారు.

ఇటానియం పరిస్థితి వేరు. నిర్వాహకులు లేని విభాగంగా 2021లో నమోదైన ఆ కోడ్, 2024 జనవరిలో వెలువడిన 6.7 వెర్షన్‌లో లేదు. అంటే ఒక ఆర్కిటెక్చర్ కెర్నల్‌లో కొనసాగడం దాని సాంకేతిక అనుకూలతపైనే కాక, దానిని పరీక్షించే మనుషుల లభ్యతపై కూడా ఆధారపడి ఉంటుంది.